బతికున్నవాడి పేరు

మాంట్రియల్. మంచు పేరుకున్న బయటి మెట్లెక్కి మూడో అంతస్తుకి చేరాడు దర్జీ యాంకెల్. కూతురు ఫ్రూమా తలుపు సగమే తీసింది.

“లోపలికి రానా, వద్దా? ముందది చెప్పు.”

“ఎందుకొచ్చావో ముందది చెప్పు.”

“అబ్బ, ఏం మెట్లే ఇవి! జారితే నడుం విరిగేది.”

“నాన్నా. ఎందుకొచ్చావు?”

“పిల్లాడు పుట్టాడటగా.”

“పుట్టి నెల దాటింది.”

“నాకెవరు చెబుతారు? మొన్న ఫ్యాక్టరీలో తెలిసింది. ఇస్త్రీ బల్ల దగ్గర కొత్తగా చేరాడులే, జియాకోమో అని, ఇటలీవాడు. వాళ్ళావిడ మీ వీధిలోనే కూరగాయలు కొంటూ నీతో మాట కలిపిందట, నువ్వు నా కూతురివని తెలిసిందట. పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఒకటే ఊపుడు! మీ ఫ్రూమాకి కొడుకటగా, నీ పేరే పెట్టిందటగా, మందెప్పుడు పోయిస్తావూ అని.”

“మేం పెట్టింది జాక్. నీది యాంకెల్.”

“నేనూ అదే అన్నా! వాడు పగలబడి నవ్వాడు. అసలు పేరు యాకోవ్ అట. మన యూదుల నోట యాంకెల్ అయిందట, వాళ్ళ ఊళ్ళో జియాకోమో, మీ ఆయన తాలూకు ఫ్రెంచివాళ్ళకి జాక్. అంతలో కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి హేమిష్ లేచాడు, స్కాట్లండువాడు. నాదీ అదేనన్నాడు. గుండీలు కుట్టే స్పెయిన్‌వాడు హైమే, వాడిదీ అదే. మా మేస్త్రీ జేమ్స్, ఆ కోపిష్టి వెధవ, వాడిదీ అదేనటే! ఒకటే గుడ్డ, ఊరికో కుట్టు.”

“బాగుంది. అందరూ కలిసి పండగ చేసుకున్నారా?”

“ఎక్కడి పండగ... హేమిష్ అడిగాడు.”

“ఏమని?”

“ఏ కూతురూ అని.”

“ఏ కూతురేంటి? నీకున్నది నేనొక్కదాన్నే.”

“అదే... అప్పట్లో వాళ్ళకి నేను...”

“ఏం చెప్పావు వాళ్ళకి?”

“పోయిందని చెప్పా.”

“ఎక్కడికి పోయానట?”

“నన్ను పొడవకు ఫ్రూమా. నీకు తెలుసుగా.”

“ఎందుకు తెలీదు? ఒవీడ్‌ని చర్చిలో పెళ్ళాడానని కోటు అంచు చింపుకున్నావు. అద్దాలకి గుడ్డలు కప్పి, నేలమీద కూర్చుని, బతికున్న కూతురికి మైల పట్టావు. వీధివీధంతా పరామర్శకొచ్చి మైలకూడని నీకు ఉడకబెట్టిన గుడ్లు పెట్టి వెళ్ళారట.”

“హేమిష్ పాపం చేతికి నల్లగుడ్డ కట్టుకున్నాడే నీకోసం. మొన్న వాడి ముందు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో చితికిపోయాననుకో.”

“సరే. సిగ్గేసి వచ్చావన్నమాట.”

“సిగ్గేసే వచ్చా. ఇంకో మాట కూడా...”

“ఏంటది?”

“పేరు మార్చు తల్లీ.”

“అదీ సంగతి!”

“అది కాదే. పసిపిల్లలకి పోయినవాళ్ళ పేరే పెట్టాలి, బతికున్నవాళ్ళది పెట్టకూడదు. మన ఇళ్ళల్లో ఎవరైనా పెట్టారా? మృత్యుదూత వస్తాడు, ఒకే పేరుతో ఇద్దరుంటారు, తడబడి ఒకరికి బదులు ఇంకొకర్ని...”

“ఎవర్ని పట్టుకుపోతాడని నీ భయం? వాడినా, నిన్నా?”

“పసివాడు కదా, వాడికే...”

“నా మొహం చూసి చెప్పు.”

“నన్నే. నన్నేనే. మనవడు పుట్టాడని వినగానే ముందు నా ప్రాణమే గుర్తొచ్చింది. రెండ్రోజులుగా కంటిమీద కునుకు లేదు. థూ, నాదీ ఒక బతుకేనా! ఇంకా అడుగుతావా?”

“జాక్ అన్నా యాంకెల్ అన్నా ఒకటేనని నాకు తెలీదనుకున్నావా?”

“తెలిసే పెట్టావా? మన ఆచారం తెలిసీ?”

“భయపడకు. ఆచారమేం తప్పలేదు. పోయిన మా నాన్న పేరే పెట్టుకున్నా.”