పాటమీద పడిన దగ్గు

2007. రాయగడ స్టేషన్‌ రోడ్డులో ఒక కంప్యూటర్‌ షాపు. సుజన తాను సేకరించిన పాటల ఫైళ్లను యూనివర్సిటీ డిజిటల్‌ భాండాగారానికి పంపేందుకు సిద్ధం చేస్తోంది. పాడిన కృష్ణవేణమ్మ చనిపోయింది కాబట్టి, ఒప్పుకోలు సంతకం కోసం ఆమె భర్త అసిరయ్యను గుణుపురం నుంచి పిలిపించింది.

"మొదట్లో దగ్గొకటి ఉండిపోయింది బాబాయ్. సరిగ్గా పాట ఎత్తుకున్నప్పుడే పడింది. తీద్దామంటే పాట తెగిపోతోంది."

"దగ్గుకేటి గాని అమ్మీ, ఈ పాటకి ముందుది ఎయ్యి."

"ముందుదంటే ఊడుపు పాట. ఇందాకే విన్నావు కదా."

"అది కాదు. ఆ పాట అయిపోనాక, ఈ పాట ఎత్తుకోకముందు. నడాన."

"నడాన ఏటుంది? ఉత్తి మాటలు."

"ఆ మాటలే ఎయ్యి."

"యూనివర్సిటీ వాళ్లకి పాట ఒక్కటే కావాలి బాబాయ్. కుక్కల అరుపులు, గిన్నెల చప్పుడు, మాటలు, అన్నీ తీసీమన్నారు. ఎంత శుభ్రంగా వచ్చిందో విను. మా సారు కూడా మెచ్చుకున్నారు."

"ఆళ్లకి ఒద్దు, సరే. నాకు ఎయ్యి. ఇని సంతకం ఎట్టేస్తాను."

"టీ తెప్పించనా?"

"ఒద్దు. ఎయ్యి."

"ముందు సంతకం అయిపోతే... అయినా ఆ మాటల్లో ఏటుంది బాబాయ్?"

"ఏటీ నేదు."

"ఏటీ లేకపోతే బస్సులో నిలబడి ఇంత దూరం..."

"నువ్వే కదా అడిగేవు. గుర్తు నేదా? మా వాకిట్లో మిషనెట్టి, పిన్నీ నీ పేరు సెప్పు, ఊరు సెప్పు, మొగుడి పేరు సెప్పు అని."

"అడిగే ఉంటాను. అందర్నీ అడిగేదాన్ని."

"ఇన్నేళ్ల సంసారంలో నా పేరు ఎత్తనేదు. రేషను కార్డు రాసినప్పుడు కూడా పక్కింటి దాలయ్య సేత సెప్పించింది. నువ్వు ఒదల్నేదు. యూనివర్సిటీకి కావాలి, సెప్పాలి అన్నావు. సెప్పింది. గోడవతల ఎడ్లకి గడ్డి ఏస్తన్నాను. ఇన్నాను."

"బాబాయ్..."

"ఆ పూట సిగ్గుపడిపోయి నాకు అన్నం కూడా వడ్డించనేదు. మళ్లీ ఎప్పుడూ అననేదు. అదొక్కసారే. అది ఎయ్యి."

"అది... తీసీసేను."

"కేసెట్టు ఉంటాది కదా."

"కంప్యూటర్లోకి ఎక్కించీసేను కదా అని, దానిమీదే... నారాయణపట్న వెళ్లి అక్కడి పాటలు రికార్డు చేసీసేను."

"దానిమీదే."

"అందరం అలాగే చేస్తాం బాబాయ్. కొత్త కేసెట్లు దొరికేవి కావు. నాకు తెలిసుంటే..."

"నీకు తెల్దా? నువ్వే కదమ్మీ బలవంతాన సెప్పించేవు."

"నాకది... పాట కాదు కదా అనిపించింది బాబాయ్."

"ఊఁ. పాట కాదు. కాగితం ఇలాగియ్యి. ఎక్కడెట్టాలి?"

"ఇక్కడ. పక్కన... నీ పేరు కూడా రాయాలి."

"రాసేను. ఇంకొక్క మాట."

"చెప్పు బాబాయ్."

"ఆ దగ్గు నాదే. దాని నోట నా పేరు ఇని, ఇన్నానని దానికి తెలియాలని దగ్గేను. ఉలిక్కిపడి గబగబా పాట ఎత్తుకుంది. పేరే లేనప్పుడు ఇంక దగ్గెందుకు? పాట తెగితే తెగింది, అదీ తీసీ."