జారిన పట్టు

స్నానాలగదిలో తడి నేల మీద తండ్రి కూలబడి ఉన్నాడు. కాళ్ళు పడిపోయిన ఆయన్ని కుర్చీలోకి ఎత్తబోయి కొడుకు పట్టు వదిలేశాడు.

“దెబ్బ తగిలిందా నాన్నా?”

“లేదురా. నీ మొహమేంటి అలా పాలిపోయింది?”

“కళ్ళు తిరిగాయి.”

“కండలు పెంచుతున్నానన్నావుగా! అన్నం మానేసి చేస్తున్న ఆ కీటో డైట్ నిర్వాకమేనా ఇది?”

“దాని తప్పేం లేదు. గుడ్లు, మాంసం కడుపునిండా తినమన్నాడు జిమ్ కోచ్. పొట్ట తొందరగా కరగాలని నేనే అవీ మానేసి, వెన్న వేసిన కాఫీతో నెట్టుకొచ్చాను.”

“ఎందుకురా ఇన్ని తిప్పలు?”

“నిన్ను ఎత్తడానికేనని అందరికీ చెప్పాను.”

“మరి కాదా?”

“మొదట్లో అందుకే. తర్వాత జిమ్‌లో అద్దం ముందు నిలబడితే నువ్వు గుర్తుకే రాలేదు నాన్నా.”

తండ్రి ఒంటి మీది తువ్వాలు సర్దుకున్నాడు.

“సరేలే. వెళ్ళి పక్కింటాయన్ని పిలుచుకురా.”

“ఆయనకే నిన్న చొక్కా విప్పి మరీ కండలు చూపించాను...”

“ఒంటి మీద ఈ తడి తువ్వాలు తప్ప నాకేమీ లేదు. నాకంటే నీకే ఎక్కువా సిగ్గు?”

కొడుకు పొడి దుప్పటి తెచ్చి ఆయనకు కప్పాడు. తలదించుకుని వెళ్ళి పక్కింటి తలుపు తట్టాడు.