మింగకండి, కదలకండి

తమ్ముడి చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది అక్క. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలవడం అతని ఉద్యోగం.

“కదలకురా, సూది గుచ్చుకుంటుంది.”

“ఒంటిమీదుండగా కుట్టమని ఎవరన్నారు?”

“విప్పితే మళ్ళీ తొడుక్కోవు. ఆపరేషనుకి ఇవాళ పొద్దున్నే ఆసుపత్రికి రమ్మన్నారు.”

“నేను రాను. మొదటి డాక్టరు కాన్సరు రెండో స్టేజి అన్నాడు. కరెంటు పెడితే చాలు, గొంతుంటుంది అన్నాడు.”

“రెండో ఆయన నాలుగన్నాడుగా. గొంతులో మెత్తటి ఎముక దాటి బయటికి పాకింది, గొంతు తీసెయ్యాల్సిందే అన్నాడు.”

“ఇద్దరిలో ఒకరిది తప్పు. రెండో ఆయనదే ఎందుక్కాకూడదు?”

“మొదటి స్కానింగు మసగ్గా వచ్చింది కాబట్టి. ఎందుకొచ్చిందో నువ్వే చెప్పు.”

“ఏమో.”

“ఏమో కాదు. చెప్పరా.”

“మిషను లోపల మైకు గరగరమంది. ‘మింగకండి, కదలకండి’ అంది స్కానింగు తీసే ఆవిడ. మైకు వినపడగానే...”

“ఊఁ?”

“గొంతు సవరించుకున్నాను. ఎన్నేళ్ళ అలవాటు, అక్కా!”

“ఒక్కసారేనా?”

“ఆవిడ మాట్లాడినప్పుడల్లా.”

“బాగుంది! అక్కడ కూడా బస్సులు పిలుద్దామనుకున్నావా?”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. ఆ మసక బొమ్మ చూసి రెండన్నారు. రెండుకి చేసే వైద్యం నాలుగుకి చాలదట. చాల్లేదని తెలిసేసరికి గొంతూ పోతుంది, నువ్వూ పోతావు.”

“పోతే పోనీ.”

“అవేం మాటల్రా!”

“నీ మరదలు పోయాక ఈ ఇంట్లో వినపడేది నా గొంతొక్కటే. లేస్తూనే నాతో నేనే మాట్లాడుకుంటాను. అదీ తీసేస్తే నాకెవరున్నారు?”

“నేను లేనూ?”

“నీ ఇల్లు నీకుంది.”

“ఏం ఇల్లురా? మీ బావ పోయాక సాయంత్రాలు ఎక్కడుంటున్నానో తెలుసా?”

“పార్కుకి వెళ్తానంటావుగా.”

“బస్టాండుకి. ఆఖరి బెంచీ మీద కూర్చుంటాను. ఏ బస్సూ ఎక్కను. నువ్వు పిలుస్తుంటే వినేసి ఇంటికెళ్ళిపోతాను.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? నువ్వు సెలవు పెట్టాక కూడా వెళ్తున్నా. వేరే ఎవరో పిలుస్తున్నారు. నీ గొంతు వినపడకపోతే ఎలా ఉంటుందో చూశాను. ఉండగలను. నువ్వు మాత్రం ఉండాలి... ఏంట్రా, లేచావేం? కోపమొచ్చిందా? అదేం సంచీ? ఆసుపత్రి కాగితాలా? ఆగు, నేనూ వస్తున్నా! ఒరేయ్, వెళ్ళొస్తానని ఒక్కమాట అనరా... ఇంకా గొంతుంది కదరా నీకు!”