అడుగు దాటిన చీపురు

క్యోటోలో ఒక ఇరుకు సందు. పొద్దున్న ఆరు. పక్కపక్క వాకిళ్లలో చీపుళ్లతో ఇద్దరు: భార్య పోయిన గెంజో, భర్త పోయిన ఫుసాయే.

“అబ్బ, మీ చీపురు ఎంత హుషారుగా ఉందండీ, గెంజోగారూ!”

“చచ్చాను. మీరు పొగిడారంటే నేనేదో తప్పు చేశానన్నమాటే.”

“తప్పని నేనన్నానా? మా గుమ్మం దాకా అద్దంలా ఉంది, అంతే.”

“గుమ్మం దాకానా? ఒక్క అడుగేగా ఊడ్చాను!”

“ఎవరి అడుగండీ? ఏనుగుదా?”

“ఒక ఆకు, ఫుసాయేగారూ. తరుముతూ వచ్చాను. ఎంత పొగరుబోతుదో! ఆగుతుంది, నావంక చూస్తుంది, మళ్లీ పరుగు.”

“నిన్న కూడానా?”

“నిన్నటిది దాని అన్న.”

“మొన్న?”

“వాళ్లది పెద్ద కుటుంబం.”

“వేళాకోళం చాలు. పక్కింటివైపు అడుగు ఊడిస్తే మర్యాద. అసలు ఊడవకపోతే పొగరు. అడుగు దాటితే, ‘నీకు చేతకాదులే’ అని మొహాన అన్నట్టు. ఈ సందులో పుట్టిన మీకు నేను చెప్పాలా?”

“అయ్యయ్యో, నేనెందుకంటాను...”

“మీరనరు. ఎదురింటి ఒతోసేగారు అన్నారు. ‘పాపం, మీకు నడుం పట్టేసినట్టుంది’ అని నిన్న మందుపట్టీలు తెచ్చిచ్చారు. రెండు పెట్టెలు!”

“తీసుకున్నారా?”

“మూడుసార్లు వద్దన్నాను. తరవాత తీసుకున్నాను.”

“నా వల్ల ఎంత మాట పడ్డారు! క్షమించండి. రేపట్నించి అడుగంటే అడుగే. సుద్దముక్కతో గీత గీసుకుంటాను.”

“గీతా?”

“గీత దాటితే చీపురు విరిచేస్తాను. పొద్దున్నే ఈ నాలుగు చీవాట్లూ ఉండవు... ఏం చేస్తాం.”

“ఏ చీవాట్లు?”

“అదే... మీ గుమ్మం దాకా వస్తే మీరు తలుపు తీసి తిడతారు కదా. మా ఇంట్లో తిట్టే మనిషి లేక ఆరేళ్లయింది.”

“అప్పుడే ఆరేళ్లా!”

“పోనీలెండి. సుద్దముక్క ఎక్కడ పెట్టానో...”

“ఆగండి. ఈ సందులో చెట్టు ఎక్కడుందండీ?”

“ఇక్కడేం చెట్టు? ఒక్కటీ లేదు. కొండమీద గుడి దగ్గర ఉన్నాయి.”

“ఐదు వీధులవతల. మధ్యలో ఇన్ని గుమ్మాలుండగా, ఆకులన్నీ నా గుమ్మం ముందే రాలతాయేం?”

“అవును సుమా! గాలి... కాదు... మరెలా...?”

“రోజూ సాయంత్రం ఆ కొండెక్కి సంచీడు ఆకులు మోసుకొచ్చి నాకు నడుం నిజంగానే పట్టేసింది. రేపట్నించి ఆకుల్లేకపోయినా రండి.”