సిస్టర్ బ్రిడీ పాటలో చివరి చరణం

సభకు అధ్యక్షత వహిస్తున్న ఫోర్‌మన్ భీమన్న గారికి, మన మస్కట్‌లోని హమ్రియా నుంచీ దూరాన ఉన్న సోహార్ సైటు నుంచీ కంపెనీ బస్సుల్లో వచ్చిన అన్నదమ్ములకు, ముందు వరుసలోని అక్కచెల్లెళ్లకు, రేపు మధ్యాహ్నం విమానమెక్కి తన ఐర్లండుకు వెళ్లిపోతున్న మన డిస్పెన్సరీ నర్సు సిస్టర్ బ్రిడీ గారికి నమస్కారాలు. నా తెలుగును సిస్టర్ పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతున్న కాంపౌండర్ ఖమరుద్దీన్ గారికి ఒక నమస్కారం ఎక్కువ. దగ్గు మందులో నీళ్లు కలిపినట్టు నా మాటల్లో కలపవద్దని ఆయనకు మనవి. (నవ్వులు)

సిస్టర్ ఆరేళ్లుగా మనకు వేసిన సూదుల గురించీ కట్టిన కట్ల గురించీ ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను, మీ శాంతమ్మను, పాటల గురించి చెబుతాను. శుక్రవారం సాయంత్రాలు డిస్పెన్సరీ వరండాలో ఆమె పాడగా నేను విన్న ప్రతి పాటనూ, ఏ తేదీన పాడారో, ఎవరి గురించో, చివరికి ఆ మనిషి ఏమయ్యాడో నోటుబుక్కులో రాసుకున్నాను. ఐర్లండు వాళ్లు ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడిన రోజుల పాటలవి, మొత్తం పంతొమ్మిది. పదకొండింటిలో మనిషి చనిపోతాడు, నాలుగింటిలో జైలుకు పోతాడు, రెండింటిలో ఓడెక్కి దేశం విడుస్తాడు, తప్పించుకునేది రెండింటిలోనే. మన మేనేజరు గారు ఇంగ్లీషాయన, ఈ రోజు రాలేదు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. (నవ్వులు)

మొదటి పాటకు మన పోచన్న లేచి చిందు వేశాడు. వరస అంత హుషారుగా ఉండింది. పాట అయిపోయినా చిందు ఆగకముందే ఖమరుద్దీన్ గారు అర్థం చెప్పారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని ఉరికంబానికి తీసుకుపోతున్నారట. పోచన్న చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "అయ్యో సిస్టరమ్మా, ముందుగాల చెప్పొద్దా! సావు పాటకు చిందేస్తినే!" అన్నాడు. దాక్కోకు పోచన్నా, నువ్వే. (నవ్వులు) దానికి సిస్టర్, "మా ఇంట్లోనూ చిందు వేస్తారు. ఏడుస్తూ పాడితే మా నాయనమ్మ కోప్పడేది. ‘ఉరి తీసినవాళ్లే ఆ పిల్లవాణ్ని ఏడిపించలేకపోయారు, నీకెందుకు ఏడుపు’ అనేది" అన్నారు.

ఆ రోజు నుంచి అవి మన పాటలైపోయాయి. ఆమె పాడుతూ ఉంటే, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, ఎవరి ఊరి దొర వాళ్లకు కళ్ల ముందు కనిపించేవాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పవలసినదానికి వస్తున్నాను. ఖమరుద్దీన్ గారూ, ఇక్కడి నుంచి ఒక్క మాట కూడా వదలవద్దు.

పోయిన ఉగాది తర్వాతి శుక్రవారం సిస్టర్ ఒక కొత్త పాట పాడారు. గుహలో దాక్కున్నవాళ్ల జాడ సైనికులకు చెప్పినవాడి పాట. చివరి చరణమంతా శాపం. వాడి పొయ్యికి ఇరుగుపొరుగు నిప్పు ఇవ్వకూడదు, వాడి పిల్లలను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు. భీమన్న గారు తొడ చరిచి, "మంచిగైంది వానికి! ఇంకోపారి పాడు సిస్టరమ్మా!" అన్నారు. మీరందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి ఇంటికి వెళ్లిపోయాను. ఏడు నెలలు మళ్లీ ఆ వరండా ఎక్కలేదు. సిస్టర్ రెండుసార్లు మా ఇంటికి వస్తే, టీ ఇచ్చి పొడిపొడిగా మాట్లాడి పంపేశాను. "నేనేం తప్పు చేశానో శాంతమ్మను అడుగు" అని ఆమె ఖమరుద్దీన్ గారిని నా దగ్గరికి పంపారు. ఇంట్లో పని ఎక్కువగా ఉందన్నాను. "ఏడు నెలలు పనుండే ఇల్లు మస్కట్‌లో యాడా లేదు వదినా," అని ఆయన వెళ్లిపోయారు.

మాది జనగామ దగ్గర ఊరు. నాకు పన్నెండేళ్లప్పుడు మా వైపు దొరల మీద పోరాటం నడుస్తూ ఉండింది. పోరాడేవాళ్లలో ఒకాయన మా చేను వెనుక గుట్టలో దాక్కుంటే, మా అమ్మ గంపలో అన్నం పెట్టుకుని వెళ్లి ఇచ్చేది. పోలీసులు మా నాయనను పట్టుకుపోయి రెండు రోజులు కొట్టారు. చెప్పలేదు. మూడో రోజు నన్ను తీసుకువెళ్లి ఆయన ముందు నిలబెట్టారు. చెప్పాడు.



గుట్టలో దాక్కున్నాయనను ఆ గుట్ట కిందనే కాల్చేశారు. నెల తిరగకముందే ఊళ్లో పాట పుట్టింది, అందులో జాడ చెప్పినవాడి పేరు మా నాయన పేరు. నాట్లు వేసే ఆడవాళ్లు ఆ పాట ఎత్తుకుంటే నాయన గట్టు మీద నిలబడి చివరిదాకా వినేవాడు. ఒకసారి అమ్మ, "గా పాట బంద్ చెయ్యమని చెప్పరాదా?" అంది. "అండ్ల అబద్ధం ఏమున్నది? సగమే ఉన్నది, గంతే," అన్నాడు నాయన. పాటలో లేని సగం నేను. ఈ సంగతి మా ఆయనకు కూడా మొన్ననే చెప్పాను.

సిస్టర్ లేస్తున్నారు. కూర్చోండి సిస్టర్, ఇంకా అయిపోలేదు.

భీమన్న గారూ, మీరు తల దించుకోవద్దు. గుట్టలో చనిపోయినాయన మా ఇంటి అన్నం తిన్న మనిషి. ఆ పాటే లేకపోతే ఈ రోజు ఆయన పేరు తలిచేవాళ్లు ఉండరు. అందువల్ల పాట ఆపమని నేనూ అనలేను, విని ఓర్చుకోనూ లేకపోయాను. ఇన్నాళ్లూ నాకు తెలియనిదల్లా ఈ రెండింటినీ పట్టుకుని ఒకే చోట ఎట్లా కూర్చోవాలో.

సిస్టర్, మీ తప్పు ఏమీ లేదు. అది తెలియకుండా మీరు విమానం ఎక్కకూడదనే ఈ మాటలన్నీ. మీ ఊళ్లో ఆ పాట పాడేటప్పుడు ఎవరైనా మధ్యలో లేచిపోతే, మా ఇంటికి వచ్చినట్టే వాళ్ల ఇంటికీ వెళ్లండి. వాళ్లు నాకంటే త్వరగా చెబుతారేమో.

కానుకలు ఇచ్చేముందు అధ్యక్షుల వారిని ఒకటి కోరుతున్నాను. సిస్టర్ ఆ పాట, శాపంతో సహా, ఒకసారి పాడాలి. నేను ఆమె పక్కనే కూర్చుంటాను, లేచిపోను. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మైకు సిస్టర్ చేతికి ఇచ్చి సెలవు తీసుకుంటున్నాను.