వద్దన్న కోతి

నెవిస్ దీవిలో శనివారం మధ్యాహ్నమైతే మెర్ల్ కొట్లో మేకమాంసం పులుసు ఉడుకుతుంది. అరుగు మీద చేరేవాళ్లలో సగం మంది ఆ పులుసు కోసం వస్తారు, మిగతా సగం ఆస్విన్ మాటల కోసం.

ఐయోనా మాత్రం ఆ వారం పని మీద వచ్చింది. ఆమెది చిన్న ట్రస్టు కంపెనీ. ఎక్కడెక్కడి వాళ్ల ఆస్తులనో వాళ్ల పిల్లల కోసం కాపాడి పెట్టడం దాని పని. అలాంటి కంపెనీకి లైసెన్సు ఉండాలంటే దీవిలో కాపురమున్న డైరెక్టర్లు ఇద్దరుండాలి. ఒకరు తప్పటడుగు వేస్తే రెండోవారు చెయ్యి పట్టుకుని ఆపుతారని ఆ నియమం. ఐయోనాకు తోడున్న పెద్దాయన వయసు మీదపడి తప్పుకున్నాడు. శుక్రవారంలోగా ఇంకొకరి పేరు ఇవ్వకపోతే లైసెన్సు పోతుంది. ఆస్విన్ బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, మచ్చలేనివాడు. అతని పేరు రాసిన నియామకం కాగితం ఆమె సంచిలోనే ఉంది.

ఆ సంగతి పొద్దున్నే ఆస్విన్ చెవిన పడింది. ఆమె కూర్చోగానే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, బ్యాంకు వదిలాక నేను కొన్నాళ్లు ఒక ట్రస్టు కంపెనీకి డైరెక్టరుగా ఉన్నాను, తెలుసా? పెద్ద పనేం కాదులే. ఒకరోజు తనిఖీ ఆయన చెప్పకుండా వచ్చాడు, చూస్తే తాళంచెవి లేదు. నేనే కిటికీలోంచి దూరి తలుపు తీశాను."

"ఆ పొట్టతోనా?" అన్నాడు వెర్నల్, డామినో బిళ్లలు కలుపుతూ. అతను చేపలు పట్టేవాడు, ఆటలో ఆస్విన్‌కు జోడీ.

"అప్పుడు సన్నగా ఉండేవాణ్ణిరా. అసలు చిక్కు లోపలుంది. లైసెన్సు నిలవాలంటే ఆఫీసులో మనుషులు నిజంగా కూర్చుని పనిచెయ్యాలి కదా, మావాళ్లేమో అందరూ క్రికెట్ చూడ్డానికి పోయారు. అప్పుడేం చేశానో చెప్పు? వెనక మామిడిచెట్టు మీది కోతులకు అరటిపళ్లు చూపించి దింపి, టైలు కట్టి, కుర్చీల్లో కూర్చోబెట్టాను."

"టైలెక్కడివన్నా?" అంది మెర్ల్ లోపల్నుంచి.

"మీ ఆయనవే. అడుగుదామంటే ఆయనా క్రికెట్‌కే పోయాడు. తనిఖీ ఆయన ఒక్కో బల్ల దగ్గరా ఆగాడు. ఒకటి ఫైలు తిరగేస్తోంది, ఇంకొకటి ఫోనెత్తి వింటోంది గానీ మాట పెగల్చదు. 'గుట్టు దాయడం మీవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి' అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూల కూర్చున్న ముసలికోతిని చూసి, ఇంత నెమ్మదస్తుణ్ణి ఇంకా డైరెక్టరు చెయ్యలేదేమని మమ్మల్నే కోప్పడ్డాడు. చేశాం. నడవడిక విచారిస్తే ఊళ్లో ఒక్కరూ వేలెత్తి చూపలేదు."

"నా మామిడిపళ్ల సంగతి నన్నడగలేదుగా" అంది మెర్ల్.

"విను మరి. ఒకాయన పడవనిండా బంగారం తెచ్చాడు, ఎక్కడిదో చెప్పడు. సంతకాలు పెట్టమని మా ఛైర్మన్ డైరెక్టర్లందరి ముందుకూ కాగితం తోశాడు. కోతి దాన్ని వాసన చూసి, తల అడ్డంగా ఊపి, కిటికీలోంచి విసిరేసింది. మళ్లీ ఇస్తే మళ్లీ విసిరేసింది. దాంతో కంపెనీ బతికింది. అది విని లండన్ నుంచి, సింగపూర్ నుంచి కంపెనీలవాళ్లు డైరెక్టర్లు కావాలని మా కొండ కింద బారులు తీరారు. విమానాలు దిగడానికి చోటు చాలక సముద్రంలో దించారు."

అరుగంతా నవ్వింది. ఐయోనా నవ్వలేదు. సంచిలోంచి సగం తీసిన కాగితం ఆమె చేతిలో అలాగే ఉంది.

"ఆ బంగారం కాగితం నీ ముందుకొచ్చినప్పుడు నువ్వేం చేశావు బాబాయ్?"

"నేనా? ఛైర్మన్ అంతటివాడు ఇస్తుంటే కాదంటే ఏం మర్యాద? సంతకం పెట్టాను."

"అయితే నాక్కావలసింది ఆ కోతి. ఎక్కడుంటుంది?"

ఆస్విన్ తన బిళ్లలు ముందుకు లాక్కున్నాడు. "పోయిందమ్మా, పాపం. పోతూ పోతూ, ఇకమీదట నా పని నువ్వే చూడమని నాకు ఒప్పజెప్పింది."

వెర్నల్ బిళ్ల వేస్తూ, తలెత్తకుండానే అడిగాడు. "నువ్వేమన్నావు?"

"ఏమంటాను? సరే అన్నాను."

ఐయోనా కాగితాన్ని మళ్లీ సంచిలోకి నెట్టేసింది. మెర్ల్ పులుసు గిన్నె తెస్తే డబ్బాలో పోసిమ్మంది. కూర్చుని తినే తీరిక లేదు. ఇంకా ఇద్దరి ఇళ్లకు వెళ్లి అడగాలి.