గడ్డం పెరిగే నాణెం

షార్త్ర ఊళ్ళో బుట్టలల్లే గార్నియే నోరు తెరిచాడంటే, హెర్సాండ్ సారాకొట్లో జనం కప్పులు పక్కన పెట్టి మరీ వినేవాళ్ళు. ఆ రోజు చిన్నగానే మొదలుపెట్టాడు. దొరగారి టంకశాలలో ఉలి మొద్దుబారితే తనే నూరిపెట్టాడట, అంతే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన నాణెం మీద తల చూశారుగా, తాతలనాటి నుంచీ ఒకదాన్ని చూసి ఒకటి చెక్కీ చెక్కీ, అది తలో తలుపు గొళ్ళెమో తెలీకుండా పోయింది. దొరగారు నా చేతులు పట్టుకుని, నాయనా, ఇక నాణేల అచ్చు నువ్వే చెక్కాలి అన్నారు. చెక్కాను. ఎంత జీవం వచ్చిందంటే, చలికాలం నాణేలకి ముక్కు కారేది."

"గడ్డం పెరగలేదా మావా?" అన్నాడు చెప్పులు కుట్టే ఓబెర్.

పెరక్కేం, టంకశాలకి వారం వారం మంగలి వచ్చేవాడట. కత్తి తగిలి ఒక నాణెం ఏడిస్తే, సంచిలో ఉన్నవన్నీ దానితోపాటు ఏడ్చాయట. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే గార్నియేకి ఇంకా ఊపొచ్చింది. "నమ్మరా? ఆ అచ్చు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది" అనేశాడు.

నవ్వు టక్కున ఆగిపోయింది. మూలన కూర్చున్న కొత్త మనిషి లేచి వచ్చి, తను దొరగారి టంకశాల అధికారినని చెప్పి, గార్నియే మణికట్టు పట్టుకున్నాడు. ఇంట్లో అచ్చు దాచుకున్నవాణ్ణి సలసల కాగే నూనెలో వేస్తారని అక్కడ అందరికీ తెలుసు. అబద్ధమయ్యా, అన్నీ కోతలేనయ్యా అని గార్నియే మొత్తుకున్నాడు. దొంగనాణేల వాళ్ళందరూ అదే అంటారన్నాడు అధికారి. బుద్ధెరిగాక గార్నియే చెప్పిన మొదటి నిజం అదే, దాన్నే ఎవరూ నమ్మేలా లేరు.

హెర్సాండ్ మొగుడు బతికున్నప్పుడు టంకశాలలో అచ్చు మీద సుత్తి కొట్టేవాడు. ఆమె గబగబా ఒక టర్నిప్ దుంప రెండుగా కోసి, కత్తీ నాణెమూ గార్నియే ముందు పెట్టింది. "చెక్కు" అంది.

నాణెం మీద ఎలా ఉందో అలాగే, కుడివైపు చూసే తలని దుంప మీద చెక్కాడు గార్నియే. ఆమె దాన్ని మెత్తటి జున్ను మీద అదిమి తీసింది. జున్ను మీద తల ఎడమవైపు చూస్తోంది. అచ్చు తిరగేసి చెక్కాలన్న సంగతే తెలీనివాడు అచ్చుని కళ్ళతో కూడా చూసి ఉండడు. అధికారి ఛీ అని గార్నియేని వదిలేసి బయటికి నడిచాడు.

గార్నియే చెమట తుడుచుకున్నాడు. అంతలోనే గొంతు సవరించుకున్నాడు. "చూశావా వదినా, కావాలనే అలా చెక్కి అతన్ని ఎలా బురిడీ కొట్టించానో."

"ఆయన ఇంకా సందు మలుపు తిరగలేదు. పిలిచి ఆ మాట చెప్పనా?" అంది హెర్సాండ్.

గార్నియే ఆ దుంప తీసుకుని నోటినిండా కుక్కుకున్నాడు.